రోడ్డు మీద 10కె పరిగెత్తేవాళ్లు కొండ మీద 21 కిలోమీటర్ల బురద రేసుకు ఎలా సిద్ధపడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: రోడ్డు మీద 10కె, అంటే 10 కిలోమీటర్ల పరుగు, గంటలో పూర్తి చేస్తారు, జిమ్‌లో బరువులు ఎత్తుతారు, మూడు నెలల్లో కొండ మీద 21 కిలోమీటర్లు, 30 అడ్డంకులు (గోడలు, తాళ్లు, ముళ్లతీగలు లాంటివి) ఉన్న బురద రేసు ఉంది. దేని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, ఏం కొనాలి, ఎక్కడ దెబ్బతింటారు అని అడిగారు.

అడ్డంకుల వీడియోలు చూడటం తగ్గించి కొండ ఎక్కడం, దిగడం మొదలుపెట్టండి. మంకీ బార్స్ (చేతులతో వేలాడుతూ ఒక్కొక్కటే దాటే అడ్డ కడ్డీలు) మీద నుంచి జారిపడేవాళ్లలో చాలామందికి చేతుల్లో బలం లేక కాదు. అక్కడికి చేరేసరికి గుండె దడదడలాడుతుంటుంది, అరచేతులు బురదగా ఉంటాయి, అంతకుముందే నీళ్లలో దిగి రావడంతో వేళ్లు చల్లబడి ముడుచుకోవు. జిమ్‌లో ఆరాక, ఊపిరి తీసుకున్నాక చేసిన పుల్‌అప్‌లు ఇక్కడ సగానికి సగం పనికిరావు. అలసి, తడిసి ఉన్నప్పుడు ఎంత పట్టు మిగులుతుందన్నదే లెక్క.

ముందు ఎంతసేపు పడుతుందో చూసుకోండి, ఎందుకంటే తిండి, నీళ్లు, బట్టలు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఇచ్చిన లెక్క ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది: దాదాపు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 21 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 1200 మీటర్లు అయితే 6 గంటల 12 నిమిషాలు. ఇది నడకకు చెప్పిన లెక్కే. మీరు పరిగెత్తి మిగుల్చుకున్న సమయం అడ్డంకుల దగ్గర, వాటి ముందు క్యూలలో ఖర్చయిపోతుంది కాబట్టి చివరికి అటూ ఇటూగా అక్కడికే వస్తారు. రోడ్డు హాఫ్ మారథాన్ రెండుంబావులో అయిపోయింది కదా, ఇది మూడున్నరలో అవుతుందనుకుని ఒక్క జెల్ (పరుగులో శక్తికి తినే చక్కెర పేస్టు ప్యాకెట్) జేబులో వేసుకుని వెళ్లేవాళ్లే నాలుగో గంటకు రాళ్ల మీద కూలబడతారు. కటాఫ్ టైమ్ (ఆలోపు చేరకపోతే రేసు నుంచి తప్పించే గడువు) ఎంతో, ఏ కిలోమీటరు దగ్గరో నిర్వాహకుల సూచనల్లో చూసి రాసిపెట్టుకోండి.

ఇలాంటి రేసు ఇదే మొదటిదైతే, వీలుంటే ముందు చిన్నది ఒకటి చేయండి. స్పార్టన్ అనే అడ్డంకుల రేసుల సిరీస్‌లో స్ప్రింట్ 5 కిలోమీటర్లు 20 అడ్డంకులు, సూపర్ 10 కిలోమీటర్లు 25 అడ్డంకులు, బీస్ట్ 21 కిలోమీటర్లు 30 అడ్డంకులు. మీరు నేరుగా మూడో మెట్టు మీద కాలు పెడుతున్నారు.

శిక్షణకు వారానికి నాలుగు రోజులు చాలు. ఒక రోజు పొడవైన కొండ నడక: రెండు గంటలతో మొదలుపెట్టి తొమ్మిది పది వారాలకు నాలుగు గంటల దాకా పెంచండి. ఒక రోజు ఏటవాలులో వేగంగా నాలుగు నిమిషాలు ఎక్కడం, దిగుతూ తేరుకోవడం, అలా ఐదారు సార్లు. ఒక రోజు బరువు మోత, పట్టు. ఇంకో రోజు తేలికగా 40 నిమిషాల పరుగు. దగ్గర్లో కొండ లేకపోతే మెట్లే కొండ. అంతస్తుకు 3 మీటర్లు అనుకుంటే పదంతస్తుల భవనం 20 సార్లు ఎక్కితే 600 మీటర్లు. కిందికి మాత్రం లిఫ్ట్‌లో రావద్దు.

దిగుడు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎక్కుడుకే భయపడతారు. ఎక్కేటప్పుడు పోయేది ఊపిరి, అది రెండు నిమిషాల్లో తిరిగొస్తుంది. దిగేటప్పుడు పోయేవి తొడలు, అవి ఆ రోజుకు తిరిగి రావు. దిగుతున్నప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడే కండరపు పోగులు ఎక్కువగా తెగుతాయి. మంచి విషయం ఏమిటంటే, ఒకసారి గట్టిగా దిగి రెండు మూడు రోజులు నొప్పి పడ్డ కండరం ఆ తర్వాత కొన్ని వారాల పాటు అదే దెబ్బను చాలావరకు తట్టుకుంటుంది. అందుకే చివరి గట్టి దిగుడు రేసుకు 10 నుంచి 14 రోజుల ముందు పెట్టుకోవాలి. మరీ ముందైతే ఆ రక్షణ తగ్గిపోతుంది, మరీ దగ్గరైతే నొప్పితోనే స్టార్ట్ లైన్ దగ్గర నిలబడతారు. దిగే పద్ధతి: అడుగులు చిన్నవి, వేగంగా. వెనక్కి వాలి మడమలతో బ్రేకు వేయొద్దు, బురదలో మడమ జారితే నేరుగా వెన్నుపూస మీద పడతారు. నడుము కొంచెం ముందుకి, మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు పక్కలకు చాచి, చూపు మూడు నాలుగు అడుగుల అవతల పెట్టండి. నిటారుగా ఉన్న ఎక్కుడులో మాత్రం పరిగెత్తొద్దు, అరచేతులు తొడల మీద నొక్కుతూ నడవండి. పక్కన పరిగెత్తుకుంటూ పోయినవాళ్లు తర్వాతి గోడ దగ్గర వగరుస్తూ కనిపిస్తారు.

పట్టుకు నేను అందరికీ చెప్పే సెషన్ ఇది: మూడు నిమిషాలు వేగంగా మెట్లు ఎక్కండి, ఆగకుండా వచ్చి బకెట్‌లో చేతులు ముంచి, తుడుచుకోకుండా బార్‌కు 30 సెకన్లు వేలాడండి, వెంటనే 10 బర్పీలు (నేల మీదికి వంగి పడుకుని, లేచి పైకి దూకే వ్యాయామం). ఇలా ఐదు రౌండ్లు. పొడి చేతులతో 60 సెకన్లు వేలాడగలిగేవాళ్లకు మొదటి రోజు మూడో రౌండులోనే పట్టు జారుతుంది. బార్ మీద తువ్వాలు వేసి దాని రెండు కొసలు పట్టుకుని వేలాడటం కూడా కలపండి, తాడుకు అదే అభ్యాసం. మోతకు 20 నుంచి 25 కిలోల ఇసుక మూట, ఏటవాలులో 400 మీటర్లు. చదునైన నేల మీద మోసి మురిసిపోవద్దు.

ఇక అడ్డంకులు. అన్నీ చెప్పను, మనుషుల్ని ఎక్కువగా పడేసేవి చెబుతాను.

తాడు ఎక్కడం చేతుల పని అనుకోవడమే పెద్ద పొరపాటు. పాదాలతో లాక్ వేయడం రావాలి. తాడు కుడి కాలికి బయటి పక్కగా కిందికి దిగాలి. మోకాళ్లు ఛాతీ దాకా లాక్కుని, ఎడమ పాదంతో తాడును కింద నుంచి పైకి తోడండి. అప్పుడది కుడి అరికాలి కిందుగా వచ్చి ఎడమ పాదం మీద పడుతుంది. కుడి కాలితో దాన్ని గట్టిగా తొక్కి లేచి నిలబడండి. చేతులు పైకి మార్చుకుని మళ్లీ మోకాళ్లు లాక్కోండి. లాక్ సరిగ్గా పడితే చేతులు దాదాపు విశ్రాంతిలోనే ఉంటాయి. తడి తాడు మీద సగం తొక్కితే జారుతుంది, అందుకని తాడు షూ మధ్యలో ఉండేలా చూసుకోండి, వేళ్ల దగ్గర కాదు. దిగేటప్పుడు చేతుల్ని జార్చితే అరచేతి తోలు ఊడుతుంది. పాదాల పట్టు కొద్దిగా వదులు చేసి, చేయి మార్చి చేయి వేస్తూ దిగండి. పొడవైన సాక్సులు పనికొచ్చేది ఇక్కడే, పిక్క రాసుకుపోకుండా.

మంకీ బార్స్, రింగులు వచ్చే ముందు ఒక నిమిషం ఆగి ఊపిరి తీసుకోండి. బట్టల మీద ఎక్కడో ఒకచోట బురద తగలని జాగా ఉంటుంది, సాధారణంగా టోపీ లోపలి వైపు లేదా వెన్ను పైభాగం. అక్కడ తుడుచుకుని, పొడి మట్టి దొరికితే రెండు చేతులకూ రుద్దుకోండి. ఎక్కాక ఆగితే ఊపు పోతుంది, ఊపు పోతే ప్రతి బార్‌నూ బలంతోనే అందుకోవాలి. వాజిలిన్ గురించి ఒక హెచ్చరిక: తొడలకు, చంకలకు, కాలివేళ్లకు రాసుకోవడం మంచిదే, కానీ ఆ వేళ్లను సబ్బుతో కడగకపోతే మొదటి బార్ దగ్గరే తెలిసిపోతుంది.

గోడకు పరుగున వచ్చి, ఒక పాదం గోడ మీద నడుము ఎత్తులో ఆనించి పైకి తన్నుకోవాలి. అంచు అందాక మోచేయి, ఆ తర్వాత మడమ పైకి వేయండి. అవతలి వైపు పైనుంచి దూకొద్దు. చేతులతో వేలాడి ఒళ్లంతా కిందికి చాచి అప్పుడు వదలండి. చీలమండలు మడతపడేది ఎక్కువగా అలా దూకినప్పుడే, కింద బురదలో రాయి ఉందో గుంట ఉందో కనిపించదు.

కంకర బకెట్‌ను పొట్టకు హత్తుకుని, అడుగు అంచు కింద ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకుని మోయండి. వేళ్లతో మాత్రమే పట్టుకుంటే వంద మీటర్లకే ముంజేతులు బిగుసుకుంటాయి. వెనక్కి వంగితే నడుము పట్టేస్తుంది. బకెట్ మీరే నింపుకోవాల్సిన రేసుల్లో దాని మీది గీత దాకా కంకర లేకపోతే వెనక్కి పంపుతారు, కాబట్టి గీతకు కొంచెం పైకే నింపుకోండి.

ముళ్లతీగ కింద చోటుంటే పక్కకు దొర్లడం వేగం, కానీ పది దొర్లులకు తల తిరుగుతుంది, కాస్త దొర్లి కాస్త పాకండి. వీపు మీద బ్యాగు ఉంటే తీసి ముందుకు తోసుకుంటూ పోవాలి.

ఈటె విసరడం ఒకటే ప్రయత్నం, విఫలమైతే శిక్ష. స్పార్టన్‌లో ఇది చాలాకాలం 30 బర్పీలు, ఇప్పుడు చాలాచోట్ల అదనంగా ఒక లూప్ (చుట్టు) పరుగు. ఈటె బరువు సమంగా తూగే చోటు చూసి పట్టుకోండి, దానికి కట్టిన తాడు కాలికి చుట్టుకోకుండా, కాలి కింద తొక్కుడుపడకుండా పక్కకు సర్దుకోండి. చాలా ఈటెలు తాడు లాగేయడం వల్లే కింద పడతాయి.

షూస్ ట్రెయిల్ రకం (కొండదారుల్లో పరుగుకు చేసినవి) కావాలి, అడుగున 5 నుంచి 8 మిల్లీమీటర్ల గుబ్బలు, పైన నీళ్లు బయటికి పోయే మెష్. వాటర్‌ప్రూఫ్ షూస్ కొనొద్దు. నీళ్లు పైనుంచి ఎలాగూ వస్తాయి, వచ్చాక బయటికి పోవు. రేసుకు ముందు కనీసం 50 కిలోమీటర్లు వాటితో తిరగండి. లేసులు రెండు ముడులు వేసి కొసలు లోపలికి దోపండి, లేకపోతే బురద షూను పీకేస్తుంది. నూలు బట్టలు, నూలు సాక్సులు వద్దు. తడిసి బరువెక్కుతాయి, రాసుకుంటాయి, చలి పెంచుతాయి. గ్లవ్స్ నా ఉద్దేశంలో దండగ, బురద పట్టాక ఒట్టి చేతులకంటే ఎక్కువ జారతాయి.

తిండి గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్, నీళ్లు 400 నుంచి 800 మిల్లీలీటర్లు, మధ్యమధ్య ఉప్పు. దాహం లేకుండా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాంతకం కూడా కావచ్చు. జెల్స్‌ను జిప్ కవర్‌లో పెట్టి అంచులు ముందే కొద్దిగా కత్తిరించుకోండి, లేకపోతే బురద ప్యాకెట్‌ను పళ్లతో చింపాల్సి వస్తుంది. ఐబుప్రొఫెన్ (నొప్పి మాత్ర) వేసుకుని పరిగెత్తొద్దు. ఒంట్లో నీళ్లు తగ్గి కండరాలు నలుగుతున్న వేళ అది మూత్రపిండాలకు ఇంకో దెబ్బ.

చలిని తక్కువ అంచనా వేయొద్దు. పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, పైగా మీరు తడిసి ఉంటారు, శిఖరం మీద గాలి ఉంటుంది. చల్లటి నీళ్లలోకి దూకితే ఒక్కసారిగా ఊపిరి ఎగబీల్చి నీళ్లు మింగే ప్రమాదం ఉంది. మెల్లగా దిగి, ఊపిరి వదులుతూ ముందుకు పోండి. పలచటి విండ్ జాకెట్ ఒకటి జిప్ కవర్‌లో మడిచి నడుముకు కట్టుకుంటే చాలు. వణుకు సహజం. మాట ముద్దవడం, వేళ్లు బొత్తాం కూడా పెట్టలేకపోవడం, వెచ్చబడకుండానే వణుకు ఆగిపోవడం ప్రమాద సూచనలు. అప్పుడు రేసు వదిలేసి వలంటీర్‌ను పిలవండి.

బురద నోట్లోకి పోనివ్వకండి. 2012లో అమెరికాలోని నెవాడాలో ఇలాంటి రేసులో పశువుల పేడ కలిసిన బురద నీళ్లు మింగి చాలామందికి క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్నాయి. తల మునిగేలా దూకొద్దు, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవద్దు, టెటనస్ టీకా వేసుకుని పదేళ్లు దాటితే ముందే వేయించుకోండి. రేసు అయ్యాక ఒంటి మీద గీరుకున్న ప్రతి చోటునూ సబ్బుతో కడిగి చూడండి. ఒకటి రెండు రోజుల్లో మూత్రం కోలా రంగులోకి మారినా, తొడలు ఉబ్బి బిగుసుకున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, కండరాలు కరిగి మూత్రపిండాల్ని మూసేసే రాబ్డోమయోలైసిస్ కావచ్చు. రేసు తర్వాత నాలుగు వారాల్లోపు ఎప్పుడైనా జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే బురదనీళ్లలో దిగిన సంగతి డాక్టర్‌కు మీరే చెప్పండి. లెప్టోస్పైరోసిస్‌ను (జంతువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద వల్ల వచ్చే జబ్బు) మామూలు వైరల్ జ్వరం అనుకుని వదిలేయడం తేలిక.