బీపీ మాత్రకూ, కరోనా వైరస్ పట్టుకునే ఏసీఈ2కూ సంబంధం ఉందా?

బీపీకి వాడే ఏసీఈ (యాంజియోటెన్సిన్ కన్వర్టింగ్ ఎంజైమ్) నిరోధక మాత్రలు, కరోనా వైరస్ కణంలోకి చొరబడేందుకు పట్టుకునే ఏసీఈ2 అనే ప్రొటీన్ మీదే పనిచేస్తాయా, అలాగైతే మాత్ర ఆపాలా అని మీరు అడిగారు. 2020 వేసవిలో గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. వాట్సాప్‌లో వచ్చిన ఒక సందేశాన్ని నమ్మి మా అమ్మ నాలుగు రోజులు ఎనలాప్రిల్ అనే ఏసీఈ నిరోధక మాత్ర మానేసింది. నేను డిగ్రీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం బోధిస్తానన్న సంగతి ఆ నాలుగు రోజులూ ఆమెకు గుర్తుకు రాలేదు.

పేర్లు దగ్గరగా ఉన్నా ఏసీఈ, ఏసీఈ2 రెండు వేర్వేరు ఎంజైములు. ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు పది ఉన్న యాంజియోటెన్సిన్-1 నుంచి రెండింటిని తెంపి, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను ఏసీఈ తయారుచేస్తుంది. 2000లో గుర్తించిన ఏసీఈ2, ఆ ఎనిమిదింటి గొలుసు కొసనున్న ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లాన్ని కత్తిరించి, నాళాలను సడలించే ముక్కగా మారుస్తుంది.

నిర్మాణాన్ని వివరించడానికి అమ్మ అడకత్తెరనే చేతికి తీసుకున్నాను. 805 అమైనో ఆమ్లాల ఏసీఈ2 తన తోక దగ్గర కణపు పొరలో గుచ్చుకొని ఉంటుంది. బయటికి నిలిచిన పెద్ద భాగంలో రెండు దవడలు, వాటి నడుమ లోతైన చీలిక, ఆ చీలికలో 374, 378 స్థానాల్లోని హిస్టిడిన్లూ 402వ స్థానంలోని గ్లుటమిక్ ఆమ్లమూ పట్టి ఉంచిన ఒక జింకు అయాను ఉంటాయి. పోకచెక్క, అంటే ఏసీఈ2 కత్తిరించే గొలుసు, పడేది ఆ చీలికలోనే. వైరస్ మాత్రం అక్కడికి రాదు. దాని పైకి పొడుచుకు వచ్చిన ముల్లు (స్పైక్) ప్రొటీన్ ఒక దవడ వెలుపలి అంచున ఉన్న మొదటి ఆల్ఫా సర్పిలం (మెలిక తిరిగిన గొలుసు భాగం) మీదా, దాని పక్కనా, 31, 353 స్థానాల్లోని లైసిన్ల పరిసరాల్లో అతుక్కుంటుంది. పాఠ్యపుస్తకాల తాళం-తాళంచెవి పోలిక ఇక్కడ తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే వైరస్ పట్టు ఆ ఎంజైము నోట్లో కాదు, వీపు మీద.

ఇక మాత్ర సంగతి. ఏసీఈ చీలికలో గ్లుటమిన్ ఉన్న చోట ఏసీఈ2లో అంతకన్నా పెద్దదైన ఆర్జినిన్, 273వది, అడ్డంగా ఉండడంతో ఆ గూడు ఇరుకై, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ వంటివి అందులో ఇమడవు. ఈ మందులు ఏసీఈ2 సంఖ్యను పెంచవచ్చునన్న భయం జంతువులపై జరిగిన ప్రయోగాల నుంచి వచ్చింది. అయితే బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులపై జరిపి, 2021లో ప్రచురించిన పరీక్షలో, మాత్ర ఆపినవారికి ప్రత్యేకమైన మేలేమీ కనిపించలేదు.

353వ స్థానం ఎంత కీలకమో చుంచెలుకలను చూస్తే తెలుస్తుంది. వాటి ఏసీఈ2లో అక్కడ లైసిన్‌కు బదులు హిస్టిడిన్ ఉంటుంది, అందుకే మొదట వచ్చిన కరోనా వైరస్ వాటికి సోకలేదు. తరువాతి రకాల్లో ముల్లు ప్రొటీన్‌లోని 501వ అమైనో ఆమ్లం టైరోసిన్‌గా మారాక, ఆ వైరస్ చుంచెలుకలనూ పట్టుకోగలిగింది.

అమ్మ అడకత్తెరను తిరిగి తీసుకొని, ఆ సాయంత్రమే తన డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది. మీరు కూడా మీ డాక్టరు గారిని అడగకుండా ఆపకండి.