గట్టిదనం నుంచి వేగం దాకా

ప్రశ్న: విమానంలో ‘ఫాస్టెన్ సీట్ బెల్ట్’ అని రాసి ఉంటుంది. ‘ఫాస్ట్’ అంటే వేగం కదా, బెల్టు పెట్టుకోవడానికి ఆ మాట ఎలా వచ్చింది? పైగా ప్రకటన చేసినవారు అందులోని ‘ట’కారాన్ని పలకనే లేదు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీరు విన్న ఉచ్చారణ సరైనదే. ‘లిసన్’, ‘కాసిల్’ అనే మాటల్లో లాగే ఇక్కడా ‘ట’కారం రాతలో మాత్రమే మిగిలింది, పలికేటప్పుడు ‘ఫాసెన్’ అనాలి.

ఈ క్రియకు మూలం ప్రాచీన ఆంగ్లంలోని ‘ఫాస్ట్’ అనే విశేషణం. ఆనాడు దానికి వేగంతో సంబంధమే లేదు. కదలనిది, గట్టిగా నిలిచినది అనే అర్థం. దాని తోబుట్టువైన జర్మన్ పదం ‘ఫెస్ట్’ నేటికీ ఆ అర్థంలోనే ఉంది. గట్టిగా పట్టుకోవడం, గట్టిగా కొట్టడం అన్నట్లే గట్టిగా, అంటే సత్తువకొద్దీ, పరుగెత్తడం అనే వాడుక ఏర్పడి, మధ్యయుగాల్లో అదే క్రమంగా వేగానికి పేరైంది. ఇందులో వింతేమీ లేదు. ‘ముడి గట్టిగా వెయ్యి’ అన్నప్పుడు బిగువునూ, ‘గట్టిగా పిలువు’ అన్నప్పుడు ధ్వనినీ మన ‘గట్టిగా’ కూడా చెబుతూనే ఉంది.

పాత అర్థం మన బట్టల కొట్లలోనూ బతికే ఉంది. చీర కొంగు తడిపి, తెల్లగుడ్డతో రుద్ది, మరక అంటని ఆ గుడ్డను చూపిస్తూ ‘ఫాస్ట్ కలరమ్మా, పోదు’ అంటాడే అమ్మకందారు, ఆ ‘ఫాస్ట్’ అచ్చంగా వెయ్యేళ్లనాటి ‘ఫాస్ట్’!

ఉపవాసాన్ని ‘ఫాస్టింగ్’ అనడమూ ఇక్కడి నుంచే వచ్చింది. నియమాన్ని గట్టిగా పట్టి నిలవడం దాని భావం. ఆ పట్టు విడిచి తినేది ‘బ్రేక్‌ఫాస్ట్’. ‘ఉపవాసం’ అనే సంస్కృత పదానికి దగ్గర ఉండటం అనే వేరే మూలం ఉన్నా, నోము ‘పట్టడం’ అనే మన నుడికారంలో ఆంగ్లేయుల ఊహే కనిపించడం నాకెంతో ఇష్టమైన విషయం.

తెలుగులో ‘ఫాసెన్’ అనే క్రియకు ఒకే సమానార్థకం వెతకడం మాత్రం సరికాదు. తలుపుకు గడియ పెడతాం, ఆవును గుంజకు కట్టేస్తాం, మర బిగిస్తాం, బొత్తాలు పెట్టుకుంటాం. ఆంగ్లం వీటన్నిటికీ ‘ఫాసెన్’ అనే అంటుంది. ఒకరి మీద నింద మోపడానికీ అదే క్రియ వాడతారు. అక్కడ మనకు ‘అంటగట్టడం’ ఉంది, అందులో కట్టడమూ ఉంది.