ఇంగ్లండ్‌లో యువ ఫుట్‌బాల్ ఆటగాడిని లోన్‌పై పంపితే క్లబ్ వదులుకున్నట్టేనా?

కాదు, లోన్‌పై, అంటే కొంతకాలం వేరే క్లబ్‌కు ఆడేందుకు వెళ్లిన ఆటగాడి కాంట్రాక్టు సొంత క్లబ్ దగ్గరే ఉంటుంది, గడువు తీరాక అతడు అక్కడికే తిరిగి వస్తాడు. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ జట్లలో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి మైదానంలో దిగే అవకాశం అరుదు కనుక, పాయింట్ల కోసం ప్రతి వారం హోరాహోరీగా పోరాడే కింది డివిజన్ క్లబ్బుల్లో, తలపండిన డిఫెండర్ల తోపులాటకు తట్టుకుంటూ రాటుదేలాలని పంపుతారు. క్లబ్ కుర్రాళ్లకు శిక్షణనిచ్చే అకాడమీ మ్యాచ్‌లు ఎన్ని ఆడినా ఆ అనుభవం రాదు. లండన్ క్లబ్ టాటెన్‌హామ్ కుర్రాడు హ్యారీ కేన్ 2011లో మూడో డివిజన్‌లోని లేటన్ ఓరియెంట్‌కు, 2012లో మిల్‌వాల్‌కు, ఆపై నార్విచ్, లెస్టర్‌లకు లోన్‌పై వెళ్లాడు. లెస్టర్‌లో చాలాసార్లు బెంచీ మీదే కూర్చున్న అతడే తరువాత టాటెన్‌హామ్‌కు 280 గోల్స్ చేసి క్లబ్ రికార్డు నెలకొల్పాడు. లోన్ అంటే పనికిరాడన్న తీర్పని చాలామంది పొరబడతారు. కొందరిని ఆ తరువాత అమ్మివేసే మాట నిజమే గానీ, అది వేరే నిర్ణయం.