పరీక్ష టెన్షన్ తీరిపోయాక జుట్టెందుకు ఊడుతోంది?

చెల్లీ, చదివినన్నాళ్ళూ బాగానే ఉన్న జుట్టు డీఎస్సీ రాసిన మూడు నెలలకు దువ్వెన పెడితే చాలు ఊడి వస్తోందని రాశావు. హాస్టల్ ఉప్పునీళ్ళ వల్లేమో, ఏ నూనె వాడాలి అని అడిగావు. నీళ్ళను పక్కన పెట్టు, నూనె సంగతి తర్వాత చూద్దాం. ముందు రెండు మూడు నెలల వెనక్కి వెళ్ళి, అప్పుడు నీ ఒంటికి ఏ కష్టం వచ్చిందో గుర్తు చేసుకో.

మాది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున చూస్తే మా తోటలో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి, జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. నాన్న తోట గట్టు మీద మాటాపలుకూ లేకుండా కూర్చునేవారు. కరెంటు లేదు, కంటి మీద కునుకు లేదు, తిండి సయించేది కాదు. అయినా ఆ రోజుల్లో నా జుట్టు మామూలుగానే ఉంది. ఇల్లు కాస్త కుదుటపడి, సంక్రాంతి వచ్చేసరికి మొదలైంది. తలంటుకుంటే బాత్రూం తూము మూసుకుపోయేది.

శ్రీకాకుళంలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, "దసరా, దీపావళి రోజుల్లో జ్వరం గానీ ఆపరేషన్ గానీ అయిందా?" అని అడిగారు. తుఫాను సంగతి చెప్పాను. ఒక పాయ వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగి, చేతిలోకి వచ్చిన వెంట్రుకలను కాగితం మీద పెట్టి చూపించారు. ఒక్కోదాని మొదట్లో చిన్న తెల్లటి బుడిపె ఉంది. అది చూసి కుదురే ఊడిపోయిందని చాలామంది హడలిపోతారు. కుదురు చర్మం లోపల భద్రంగా ఉంటుంది. ఆ బుడిపె, వెంట్రుక ఎదుగుదల ఆపి విశ్రాంతిలో ఉండి రాలిందనడానికి గుర్తు.

మామూలుగా తలలో నూటికి 85, 90 వెంట్రుకలు ఎదుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. అందుకే రోజుకు 50 నుంచి 100 వరకూ రాలడం సహజం. ఒంటికో మనసుకో పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఎదుగుతున్నవాటిలో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. వెంటనే రాలవు, రెండు మూడు నెలలు అలాగే ఉండి ఆ తర్వాత కట్టగట్టుకుని రాలతాయి. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. టైఫాయిడ్, డెంగీ, కాన్పు, తిండి మానేసి బరువు తగ్గడం, అన్నీ ఇదే పని చేస్తాయి. అంటే నువ్వు ఇప్పుడు చూస్తున్నది పరీక్షకు ముందు రాత్రుల ఫలితం. కారణం తీరిపోతే మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం తగ్గుతుంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు చొప్పునే పెరుగుతుంది కాబట్టి జడ మునుపటిలా ఒత్తుగా కనబడడానికి ఇంకా టైం పడుతుంది.

టెన్షన్ కొనసాగితే ఈ విశ్రాంతి కూడా సాగుతుందని అనుకోవడానికి ఆధారం ఉంది. 2021లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో, ఒత్తిడి హార్మోను కుదుళ్ళను మేలుకోనివ్వడం లేదని చూపించారు. కాబట్టి ఊడిన వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ కొత్త దిగులు తెచ్చుకోకు. నాకు అన్నిటికంటే మేలు చేసింది రాత్రి ఒకే వేళకు పడుకోవడం, సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో నడక. వాళ్ళ తోటలూ పోయాయి, నడుస్తూ అదే చెప్పుకునేవాళ్ళం. ఫలితాల దిగులు నువ్వూ ఎవరితోనైనా చెప్పుకో. నిద్ర పట్టక, మనసు మరీ కుంగిపోతుంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

హాస్టల్ తిండితో రక్తం తగ్గి ఉండవచ్చు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు డాక్టరును అడిగి చేయించు. మునగాకు, గుడ్డు, చేప తిను, అన్నం తిన్న వెంటనే టీ తాగకు. జుట్టుకని అమ్మే బయోటిన్ విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ మాట ముందే చెప్పు, థైరాయిడ్ ఫలితాన్ని అవి తారుమారు చేయగలవు. కొబ్బరినూనె రాసుకో, వెంట్రుక మెత్తబడుతుంది, కానీ రాలడం ఆపదు. సింహాచలంలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మా అత్త అనేది. మొక్కు ఉంటే తీర్చుకోవచ్చు గానీ, గుండుతో కుదుళ్ళ సంఖ్య పెరగదు.

పేనుకొరుకుడులా గుండ్రంగా ఊడినా, పాపిడి వెడల్పవుతున్నా, మాడు మీద దురదా పొలుసులూ ఉన్నా, ఆరు నెలలు దాటినా ఇది వేరే సంగతి కావచ్చు, ఆలస్యం చెయ్యకు. వెళ్ళేటప్పుడు ఈ ఏడాది నీకొచ్చిన జ్వరాలు, వాడిన మందులు, పరీక్ష తేదీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళు. డాక్టరు మొదట అడిగేది అదే.