సర్వీసులు ఆపడం కాలక్షేపం కాదు, ముందు ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వండి

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆరు నెలల క్రితం ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాడు. అప్పటినుంచీ రాత్రి పొద్దుపోయేదాకా ఆ నల్ల తెర ముందే కూర్చుంటున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే 'వెనకాల నడిచే అక్కర్లేని సర్వీసులు ఆపేస్తున్నా' అంటాడు. పోయిన వారం ల్యాప్‌టాప్ అసలు తెరుచుకోలేదు. రాత్రంతా కూర్చుని తనే బాగు చేసుకున్నాడు. నాకు కోపం వచ్చి దాన్ని తీసి బీరువాలో పెట్టేశాను. వాడి స్నేహితులంతా క్లౌడ్, డెవాప్స్ కోర్సుల్లో చేరిపోయారు. లినక్స్ అడ్మినిస్ట్రేషన్‌కి భవిష్యత్తు ఉందా? లేక క్లౌడ్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది రెండు దారుల్లో ఏది మంచిదని. మీ ఉత్తరం నిండా కనిపిస్తున్నది మాత్రం వేరే భయం. పిల్లవాడు మనకు అర్థంకాని పనిలో పడి, చదువు చెడగొట్టుకుని, అందరికంటే వెనకబడిపోతాడేమో అని. ఈ భయంతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అబ్బాయి టైమ్ వేస్ట్ చేయడం లేదు. కొంచెం పద్ధతి లేకుండా చేస్తున్నాడేమో, అంతే.

వాడు చేసే పనేమిటో మీకు తెలియాలి. లినక్స్ కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు కర్నెల్, అంటే లినక్స్ మూల భాగం, లేస్తుంది. అది మొట్టమొదట నడిపే ప్రోగ్రామ్ నంబరు 1. ఇప్పుడు ఎక్కువ డిస్ట్రోల్లో, అంటే ఫెడోరా, ఉబుంటు లాంటి లినక్స్ రకాల్లో, ఆ స్థానంలో ఉండేది సిస్టమ్‌డీ. 2010లో మొదలై, 2011లో ఫెడోరాలోకి, 2015లో డెబియన్, ఉబుంటుల్లోకి డిఫాల్ట్‌గా వచ్చింది. మిగతా సర్వీసులన్నిటినీ, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాములన్నిటినీ, లేపేది అదే. ప్రింటర్ కోసం కప్స్, నెట్‌వర్క్‌లో పక్కనున్న పరికరాలను వెతకడానికి ఆవాహి, సిమ్ వేసే మోడెమ్‌ల కోసం మోడెమ్‌మేనేజర్, ఇంకా బ్లూటూత్, ఫైళ్ళను వెతికిపెట్టే ఇండెక్సర్. ఎవరికి ఏది కావాలో డిస్ట్రో తయారుచేసేవాళ్ళకు తెలియదు గనక చాలావాటిని ముందే ఆన్ చేసి పంపుతారు. ఇంట్లో ప్రింటరే లేనివాడికి కప్స్ ఎందుకు? ఆ ప్రశ్న మీ అబ్బాయికి తట్టింది.

ఒక విషయం వాడికీ చెప్పాలి. ఊరికే కూర్చున్న సర్వీసు ప్రాసెసర్‌ని దాదాపు వాడుకోదు. నాలుగు సర్వీసులు ఆపినంత మాత్రాన ఈనాటి ల్యాప్‌టాప్ గుర్రంలా పరిగెత్తదు. కాస్త మెమరీ మిగులుతుంది, బూట్ అవడంలో కొన్ని సెకన్లు తగ్గొచ్చు. స్పీడ్ కోసమే చేస్తున్నానంటే తనను తాను మభ్యపెట్టుకుంటున్నట్టే. అసలు లాభం వేరేచోట ఉంది. 2024 సెప్టెంబరులో కప్స్‌కి తోడుగా వచ్చే కప్స్ బ్రౌజ్‌డ్ అనే సర్వీసులో పెద్ద లోపం బయటపడింది. నెట్‌వర్క్ నుంచి సమాచారం లోపలికి వచ్చే యూడీపీ 631 పోర్టు అనే ద్వారం దగ్గర కూర్చుని, ఎవరు పంపిన సమాచారాన్నైనా నమ్మేస్తోంది. దానికి ఇంకొన్ని లోపాలు తోడైతే బయటివాడెవడో అసలు లేని ప్రింటర్‌ని మన మెషీన్‌లో చేర్చగలడు. మనం దానికి ప్రింట్ ఇచ్చిన క్షణాన వాడి కమాండ్ మన కంప్యూటర్‌లో నడుస్తుంది. అప్పుడు నిపుణులు చెప్పిన మొదటి జాగ్రత్త ఏమిటంటే, అవసరం లేనివాళ్ళు ఆ సర్వీసు ఆపి డిజేబుల్ చేసేయమని. మీ అబ్బాయి రోజూ చేస్తున్న పనే. సర్వర్ల భద్రతకు వాడే సీఐఎస్ బెంచ్‌మార్క్స్ అనే సూచనల పట్టికల్లో కూడా అవసరం లేని సర్వీసులు ఉంచవద్దన్నది ముఖ్యమైన సూచన. కంపెనీల్లో దీన్ని హార్డెనింగ్ అంటారు, దానికి జీతం ఇస్తారు.

ఇందులో నేర్చుకోవడానికి ఎంత ఉందో ఈమధ్యే దగ్గరగా చూశాను. ఒక అమ్మాయి నా ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచి, 'సర్, కప్స్‌ని ఎన్నిసార్లు ఆపినా మళ్ళీ లేచి కూర్చుంటోంది' అంది. నా ముందే సిస్టమ్‌డీకి ఆదేశాలిచ్చే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కమాండ్ కొట్టింది. కింద ఒక చిన్న హెచ్చరిక వచ్చింది. సర్వీసు ఆపుతున్నాను గానీ దాన్ని లేపే యూనిట్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి, కప్స్ సాకెట్, కప్స్ పాత్ అని. రెండు వారాలుగా ఆ లైను రోజూ కనబడుతోంది, తను చదవలేదు. 'మెల్లగా చదువమ్మా' అన్నాను. రెండోసారి చదివేసరికి అర్థమైపోయింది. సాకెట్ అంటే గుమ్మం దగ్గర కూర్చున్న కాపలావాడు. ఎవరైనా తలుపు కొడితే లోపల నిద్రపోతున్నవాణ్ణి లేపుతాడు. లోపలివాణ్ణి పడుకోబెట్టి కాపలావాణ్ణి అక్కడే వదిలేస్తే ఫలితం ఉండదు.

స్టాప్ అంటే ఇప్పటికి ఆపడం. డిజేబుల్ అంటే రేపు బూట్ అయినప్పుడు దానంతట అది మొదలవకుండా చేయడం. ఇంకో సర్వీసు అడిగితే మాత్రం లేస్తుంది. మాస్క్ అంటే ఎవరు అడిగినా లేవకుండా కట్టేయడం. ఈ మూడింటి తేడా చేతులారా తెలుసుకున్న కుర్రవాడు ఇంటర్వ్యూలో బట్టీపట్టి వచ్చినవాడికంటే వేరుగా కనిపిస్తాడు. ఆ తేడా నేను చాలాసార్లు చూశాను.

ఇక ల్యాప్‌టాప్ తెరుచుకోని రాత్రి. వాడు ఏం ఆపాడో మీరు రాయలేదు. లాగిన్ తెర తెచ్చే డిస్‌ప్లే మేనేజర్‌నో, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్‌నో మాస్క్ చేస్తే ఇలాగే అవుతుంది. అప్పుడు కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూ దగ్గర ఆగి, కర్నెల్ లైను చివర రెస్క్యూ టార్గెట్ అని చేర్చి, తక్కువ సర్వీసులతో మెషీన్‌ని లేపి, కట్టినదాన్ని అన్‌మాస్క్ చేయాలి. సర్వర్ లేవనప్పుడు అర్ధరాత్రి ఒక అడ్మిన్ చేసే పని కూడా ఇలాగే ఉంటుంది. మీ అబ్బాయి ఏ దారిలో వెళ్ళాడో గానీ, ఎవరి సాయం లేకుండా తెల్లారేలోగా దాన్ని లేపాడు. మీరేమో మర్నాడు దాన్ని బీరువాలో పెట్టారు.

మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. ఉత్తరంలో వాడి స్నేహితులు ఏం చేస్తున్నారో రాశారు. ఆ రాత్రి మీ అబ్బాయి ఏం చేసి బాగుచేశాడో రాయలేదు, ఎందుకంటే అడగలేదు. పాడైనప్పుడు కోపం వచ్చింది, సరే. బాగైనప్పుడు ఒక్క మాటైనా అన్నారా? పందొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒంటరిగా ఒక సమస్య మీద రాత్రంతా కూర్చుంటే, తెల్లారి వాడికి దక్కింది శిక్ష. ఇంకోసారి పాడైతే మీకు చెప్పడు, దాచేస్తాడు. ఈ రంగంలో దాచేసే అలవాటుకంటే చెడ్డది లేదు.

ఇప్పుడు క్లౌడ్ (అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే సర్వర్లు), డెవాప్స్ సంగతి. నాకు దీని మీద అనుమానాలున్నాయి, దాచుకోను. డెవాప్స్ అన్న పేరు 2009లో బెల్జియంలోని ఘెంట్‌లో జరిగిన డెవాప్స్ డేస్ సభతో వ్యాపించింది. కోడ్ రాసేవాళ్ళూ, సర్వర్లు నడిపేవాళ్ళూ కలిసి పనిచేయాలన్నది దాని మూలం. అంటే రెండు పనుల్లో ఒకటైనా బాగా వచ్చినవాడికి అర్థమయ్యే విషయం. రెండూ రానివాడికి మూడు నెలల్లో పోసేసే మందు కాదు. ఆ కోర్సులు చేసి నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో చాలామందికి ఒక కంపెనీ క్లౌడ్ తెర మీద ఏ బటన్ ఎక్కడుందో తెలుసు. 'సర్వీసు ఎందుకు పడిపోయింది?' అంటే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో లాగ్, అంటే మెషీన్ రాసుకున్న రికార్డు, చూడాలని తట్టదు. ఆ బటన్ నొక్కాక లేచే మెషీన్‌లో ఎక్కువగా ఉండేది లినక్సే. చాలా మెషీన్లను కలిపి నడిపే కుబర్నెటిస్‌లో, ఒక్కో మెషీన్ (నోడ్) మీద పనిచేసే కుబ్‌లెట్ అనే ప్రోగ్రామ్‌ని కూడా సాధారణంగా సిస్టమ్‌డీయే నడుపుతుంది. ఆ పొర తెలియనివాడు పైపొరలో ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చుకున్నా, చిక్కుముడి వచ్చినచోట ఆగిపోతాడు. ఫ్రెషర్లకు నేరుగా డెవాప్స్ ఇంజినీర్ ఉద్యోగం ఇచ్చే చోట్లు నాకు తక్కువే కనబడ్డాయి. సపోర్ట్‌లోనో, అడ్మిన్‌గానో చేరి అక్కడికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. అందుకే మీరు అడిగిన పోలికకు నా జవాబు పొట్టిది. అవి రెండు దారులు కావు, ముందొకటి, వెనకొకటి. మీవాడు ముందుది మొదలుపెట్టాడు. క్లౌడ్ కోర్సు మూడో సంవత్సరం చివర్లో చేసినా ఆలస్యమేమీ కాదు.

వాడికి చెప్పవలసినవి రెండున్నాయి. ప్రయోగాలు అసలు ల్యాప్‌టాప్ మీద వద్దు. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్) ఒకటి పెట్టుకుని, ముందు స్నాప్‌షాట్, అంటే అప్పటి స్థితికి నకలు, తీసుకుని అందులో చేయమనండి. పాడైతే నిమిషంలో వెనక్కి వెళ్ళొచ్చు, పరీక్షల ముందు మీకు టెన్షన్ ఉండదు. ఇంకొకటి, ఆపిన ప్రతిదాన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయాలి. ఏది ఆపాను, ఎందుకు ఆపాను, దాని మీద ఆధారపడినవి ఏవి, తిరిగి ఎలా లేపాలి. బూట్‌లో ఏ సర్వీసుకు ఎంతసేపు పట్టిందో చెప్పే సిస్టమ్‌డీ అనలైజ్ బ్లేమ్ కమాండ్ చూపించే సెకన్లు చూసి, పైన ఉన్నదాన్ని వెంటనే ఆపేసే అలవాటు ఉంటే మానుకోమనండి. సర్వీసులు చాలావరకు పక్కపక్కనే ఒకేసారి మొదలవుతాయి. పైన కనబడ్డది దోషి అని చెప్పలేం. ఏది దేనికోసం ఆగిందో చూపించే క్రిటికల్ చైన్ కూడా చూడాలి. ఆరు నెలల తర్వాత ఆ నోట్‌బుక్ తీసుకుని నా దగ్గరకు పంపండి, దాన్నిబట్టే రెజ్యూమె రాయిస్తాను.

ఈ రాత్రి బీరువా తెరిచి ల్యాప్‌టాప్ వాడి చేతికివ్వండి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ రోజు ఏం పాడైందో, ఎలా లేపావో చూపించమని అడగండి. మీకు సగం అర్థం కాకపోయినా ఫరవాలేదు, చివరిదాకా వినండి.