హనీకోంబ్ ప్యానెళ్లంటున్న కొడుకు, డేటా సైన్స్ అంటున్న తండ్రి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్టుగా హనీకోంబ్ శాండ్‌విచ్ ప్యానెళ్లు దెబ్బను ఎంతవరకు తట్టుకుంటాయన్న అంశం తీసుకున్నాడు. అప్పటి నుంచి ఎంటెక్ ఏరోస్పేస్ స్ట్రక్చర్స్ చేస్తానంటున్నాడు. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో బాగా స్థిరపడ్డాడు. అందుకే అమీర్‌పేటలో నాలుగు నెలల డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్స్ కట్టేశాను. ఆ సంగతి తెలిశాక వాడు నాతో సరిగా మాట్లాడటం లేదు. వచ్చే ఏడాది నాకు రిటైర్మెంట్. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సార్, ఇలాంటి ప్రశ్న నాకు ఏటా వస్తుంది. బ్రాంచి పేరు మారుతుంది, భయం మాత్రం అదే. మీ జీతం ఆగేలోపు అబ్బాయి జీతం మొదలవ్వాలన్నది మీ టెన్షన్. అది న్యాయమైనదే. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష అయిన గేట్ స్కోరుతో ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో సీటు తెచ్చుకుంటే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. ఖర్చంతా దానితో తీరిపోదు గానీ, ఆ రెండేళ్లూ మొత్తం భారం మీ పెన్షన్ మీద పడదు. మెకానికల్ పేపర్ రాసినవాళ్లకు కూడా ఏరోస్పేస్ స్ట్రక్చర్స్‌లో చాలాచోట్ల సీట్లిస్తారు. గేట్ సంగతులు మీ అబ్బాయికి నాకంటే బాగా తెలిసే ఉంటాయి, వాటి జోలికి వెళ్లను.

ఆ ప్రాజెక్టులో ఏం చేశావని అతన్ని ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా? మీరు రాసినదాన్ని బట్టి అడగలేదనిపిస్తోంది. అందుకే నేనే చెబుతాను. రెండు పలుచని రేకులు, వాటి మధ్య తేనెపట్టులాంటి గదులున్న అల్యూమినియం పొర గానీ, నోమెక్స్ అనే అరామిడ్ (గట్టి కృత్రిమ పీచు) కాగితం గానీ పెట్టి జిగురుతో అతికిస్తారు. ఒక రేకును రెండు పలుచని రేకులుగా విడదీసి, మధ్యలో ఈ పొర పెట్టి మొత్తం మందాన్ని నాలుగు రెట్లు చేస్తే, వంగకుండా నిలబడే గుణం దాదాపు 37 రెట్లవుతుంది. బరువు పెరిగేది 6 శాతమే. విమానాల ఫ్లోర్ ప్యానెళ్లు, హెలికాప్టర్ బ్లేడ్లు, ఉపగ్రహాల ప్యానెళ్లు ఇలా చేసేది అందుకే.

దీని బలహీనత దెబ్బ తగిలినప్పుడు బయటపడుతుంది. మెయింటెనెన్స్‌లో చేతిలోంచి స్పానర్ జారుతుంది, వడగళ్లు పడతాయి, రన్‌వే మీది రాయి ఎగిరి తగులుతుంది. రెండు కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడితే దాదాపు 20 జౌళ్ల శక్తి. పై రేకు వంగి మళ్లీ లేచిపోతుంది, కంటికి సొట్ట కూడా సరిగా కనిపించకపోవచ్చు. లోపల మాత్రం గదుల గోడలు నలిగి, జిగురు ఊడి ఉంటుంది. తర్వాత ఆ చోట ఒత్తిడి పడితే రేకు ముడుచుకుపోతుంది. కుండ కొనేముందు తట్టి చూసినట్టు, టెక్నీషియన్లు ఇప్పటికీ నాణెంతోనో చిన్న సుత్తితోనో తట్టి శబ్దంలో తేడా వింటారు. అనుమానం వస్తే శబ్ద తరంగాలతో చూసే అల్ట్రాసోనిక్, వేడిలో తేడాను పట్టే థర్మోగ్రఫీ పరీక్షలు ఉండనే ఉన్నాయి.

ఈ నలిగే గుణాన్నే కొన్నిచోట్ల కావాలని వాడుకుంటారు. 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో ల్యాండర్ కాళ్లలో, దిగేటప్పటి కుదుపును తీసుకోవడానికి నలిగే అల్యూమినియం హనీకోంబ్ పెట్టారు. కార్ల భద్రతకు స్టార్ రేటింగ్ ఇచ్చేందుకు 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌ పరీక్షల్లో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా ఒక అడ్డుకు గుద్దిస్తారు. ఆ అడ్డు ముందుభాగం కూడా అల్యూమినియం హనీకోంబే. అంటే మీవాడు నేర్చుకుంటున్న లెక్కలు విమానాలకే పరిమితం కావు. పుణే, చెన్నై, బెంగళూరుల్లో కార్ల కోసం ఎల్‌ఎస్-డైనా లాంటి సాఫ్ట్‌వేర్ మీద క్రాష్ సిమ్యులేషన్ (కారును కంప్యూటర్‌లోనే గుద్దించి చూడటం) చేసేవాళ్లకూ ఇవే పనికొస్తాయి. హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130 రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బీ పోస్టులకు గేట్ స్కోరు చూస్తారు.

ఇబ్బందులు కూడా దాచను. కోర్ ఉద్యోగాలు, అంటే చదివిన బ్రాంచికి చెందినవి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, మొదటి జీతం తక్కువ, ఊరు వదలాల్సి రావచ్చు. ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్తానంటే మాత్రం జాగ్రత్త. అక్కడ రక్షణ, అంతరిక్ష రంగాల్లో చాలా ఉద్యోగాలు ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే పోతాయి. అప్పు చేసి వెళ్లి, తీరా అక్కడికి చేరాక ఈ సంగతి తెలుసుకున్న పిల్లలను చూశాను.

ఇక డేటా సైన్స్. ఆ రంగం మీద నాకు చిన్నచూపు లేదు. నా అనుమానమంతా ఆ నాలుగు నెలల కోర్సు మీదే. తెలంగాణ ఇంజినీరింగ్ సీట్లలో సగానికి పైగా ఇప్పుడు కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలవే. నాలుగేళ్లు అదే చదివినవాళ్లు బయటికొచ్చి ఉద్యోగం కోసం తిరుగుతున్నారు. వాళ్ల పక్కన, ఇష్టం లేకుండా నాలుగు నెలలు కూర్చొని వచ్చిన మెకానికల్ కుర్రాడిని ఎవరు ముందు పిలుస్తారు? ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్నవాళ్లు కాగితం మీద ఏం రాసిచ్చారో చదివారా? చాలావాటిలో ఉండేది ఇంటర్వ్యూలకు పంపుతామన్న హామీ మాత్రమే. ఇక ఆ కోర్సులో నేర్పే పైథాన్ ప్రోగ్రామింగ్ అంటారా, అది అతనికి ఎలాగూ కావాలి. పరీక్షల్లో వచ్చే డేటాను విడమరచడానికి నేర్చుకుంటే గట్టిగా నిలుస్తుంది.

ఒక మాట కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. అతనితో ఒక్క మాట కూడా చెప్పకుండా డబ్బు కట్టడం తప్పు. ఇరవై ఏళ్లొచ్చిన కొడుకు, మొదటిసారి ఒక సబ్జెక్టు తనకు నచ్చిందని చెప్పాడు. మీరు దానికి రసీదుతో జవాబిచ్చారు. అతను మాట్లాడకపోవడంలో వింతేముంది? ఇంట్లో బావమరిది కొడుకు ప్రస్తావన ఇక ఆపేయండి.

పోల్చి చెప్పమన్నారు కదా. ఇష్టంగా చదివే కుర్రాడికి ఎంటెక్ నయం. రేపు ఈ ఇష్టం తగ్గినా, సిమ్యులేషన్ చేతికొచ్చినవాడికి ఇంజినీరింగ్ సర్వీసుల కంపెనీల్లో దారి ఉంటుంది. అతను ఖాళీగా కూర్చుంటాడన్న భయం పెట్టుకోకండి, తన పని మీద శ్రద్ధ ఉన్న పిల్లాడని మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే తెలుస్తోంది.

ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. డ్రాప్-వెయిట్ ఇంపాక్ట్ రిగ్ (పైనుంచి బరువు వదిలి దెబ్బను పరీక్షించే యంత్రం) ఉన్న ల్యాబుల్లో వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాయమనండి. తన ప్యానెల్ ఎక్కడ, ఎందుకు దెబ్బతిందో రెండు పేరాల్లో వివరించి, ఫొటోలు జతచేయమనండి. నాలుగైదు చోట్ల నుంచి జవాబు రాకపోయినా ఆపొద్దని చెప్పండి. ఎవరైనా రమ్మంటే ప్రయాణం, హాస్టల్ ఖర్చు మీరు పెట్టండి.