పాత ఓనర్ ఫోన్‌లో మీ కారు ఇంకా కనిపిస్తోందంటే

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు ఎక్కడ తిరుగుతోందో పాత ఓనర్ ఫోన్‌లోని కారు కంపెనీ యాప్‌లో ఇంకా కనిపిస్తోందంటే, కారు స్క్రీన్ రీసెట్ చేసినంత మాత్రాన చాలా కార్లలో అది పోదండీ. రీసెట్‌తో మామూలుగా పోయేవి బ్లూటూత్‌లో ఎక్కిన కాంటాక్టులు, ఇంటి అడ్రస్ లాంటివే, యాప్ లింకు ఉండేది కంపెనీ సర్వర్‌లో. ముందు ఆయనకే ఫోన్ చేసి యాప్‌లోంచి కారు తీసేయమనండి. వినకపోతే మీ పేరు మీదికి మారిన ఆర్‌సీ కాపీ, ఛాసిస్ నంబరు జతచేసి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి, కంప్లయింట్ నంబరు అడిగి మరీ తీసుకోండి (షోరూమ్‌వాళ్లు నోటిమాటగా "అయిపోతుంది సార్" అంటే నమ్మి కూర్చోవద్దు). అయినా ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పనిలో పనిగా అదే ఛాసిస్ నంబరుతో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) ఏదైనా పెండింగ్ ఉందేమో కంపెనీ సైట్‌లో చూడండి, ఆ కబురు పాత ఓనర్‌కే వెళ్లి ఉండొచ్చు.